కిక్కిరిసిన ఖాళీ బస్సు

మణికొండ,
9 నవంబర్ 2025

లక్ష్మీదేవి వదినకు మరదలు హరిత నమస్కారాలు, వాటితో పాటు ఖాళీ కాని ఒక డబ్బా.

నువ్వు ట్రావెల్స్ బస్సులో వేసిన పార్సిల్‌ను గచ్చిబౌలిలో దించుకున్నాను. చెనిక్కాయల పొడి వాసనకు ఆటో అతను వెనక్కి తిరిగి "ఏం పొడి మేడం అది?" అన్నాడు. చిటికెడు అరచేతిలో వేశాను. లొట్టలేసుకుంటూ తిన్నాడు గానీ కిరాయిలో రూపాయి తగ్గించలేదు. వచ్చిన డబ్బాను ఖాళీగా తిప్పి పంపకూడదన్నది అమ్మ పెట్టిన నియమం. అమ్మ పోయినా అది పోలేదు కాబట్టి ఇందులో రొట్టె, బెల్లం నలిపి చేసిన మలీద ముద్దలు పెట్టాను. చేసింది బాలమ్మ, మా పాపను చూసుకునే ఆవిడ. వికారాబాద్ వైపు మనిషి.

ఫోన్లుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్లో పెడతావు. అన్న పాత కార్ల మేళాకు వచ్చి టైర్లు తన్ని చూసే బేరగాళ్ళంతా నా కాపురం గురించి వింటారు.

ఇక్కడ అన్నీ పెరిగాయి వదినా. వేసవిలో మెట్రో ఛార్జీ పెరిగింది. దసరా వెళ్ళగానే బస్సు ఛార్జీ పెరిగింది. వాళ్ళను చూసి ఆటోవాళ్ళు, ఆటోవాళ్ళను చూసి బైక్ టాక్సీ వాళ్ళు పెంచారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా మా కంపెనీ పగటి షిఫ్టుకు క్యాబులు ఆపేసింది. పక్క ఫ్లాటు స్వాతి, నేను రాయదుర్గం దాకా ఒక ఆటో పంచుకుంటున్నాం. అక్కడి నుంచి ఒక్క స్టేషన్ కోసం మెట్రో ఎందుకని నడుస్తున్నాం. వాన పడితే మెట్రో కార్డు మీద వచ్చే రాయితీ ఉండనే ఉంది. చెప్పుల అరుగుదలను మాత్రం లెక్కలో వేయలేదు.

అసలు బాధ నా ఛార్జీ కాదు, బాలమ్మది. ఆమె పుప్పాలగూడలో ఉన్నప్పుడు నడిచి వచ్చేది. అద్దె పెంచితే కోకాపేట అవతలికి మారింది. అక్కడి నుంచి పొద్దున పూట ఇటు బస్సు లేదు. రెండు షేర్ ఆటోలు మారాలి, ఒక్కొక్కటీ నిండితే గానీ కదలదు. ఆమె వచ్చేసరికి ఆఫీసులో నా మీటింగ్ సగం అయిపోతుంది. ఆటో డబ్బులు నేనిస్తానంటే కోపగించుకుంది. "నువ్వు నాకిచ్చుడు, నేను ఆటోకిచ్చుడు. నడుమ నేనెందుకు హరితమ్మా? జనవరి దాంక చూస్త. ఇగ నాతోని గాదు" అంది.

ఆమె మానేస్తే నేను ఉద్యోగం మానేయాలి. దినేష్ పుణె ప్రాజెక్టులో ఉన్నాడు, ఇంటికి రెండు వారాలకోసారి వస్తాడు. పాప ఇంకెవరి దగ్గరా అన్నం తినదు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమే, కానీ ఎక్కడానికి బస్సంటూ ఒకటి ఉండాలి కదా. అందుకే డిపోకు అర్జీ పెడదామని స్వాతి, నేను అనుకుంటున్నాం. ఈలోపు నేను కూడా దొరికిన చోటల్లా బస్సే ఎక్కుతున్నాను.

ఇవేవీ అన్నకు చెప్పకు. ఆధార్‌లో మణికొండ అడ్రసు వేయించుకున్నందుకే వారం రోజులు మాట్లాడలేదు మనిషి.

నీ పొడి తింటూ,
హరిత

* * *

ప్రొద్దుటూరు,
15 నవంబర్ 2025

చిట్టి ఆడబిడ్డ హరితకు, గుండె చేత్తో పట్టుకుని మీ వదిన రాసేది.

నీ ఉత్తరం చదివి రాత్రి నాకు అన్నం దిగలేదు. నడుస్తున్నాననీ, బస్సెక్కుతున్నాననీ, అన్నకు చెప్పొద్దనీ రాస్తే నేను అర్థం చేసుకోలేననుకున్నావా? కార్లు అమ్మే అంగట్లో పదేళ్ళ నుంచి కూర్చున్నాను. "ఊరికే చూసిపోదామని వచ్చినాం" అనేవాడి జేబు ఎట్లుందో నడకలోనే చెప్తాను.

మీ ఆయన దినేష్‌కు ఉద్యోగం పోయింది. అవునా కాదా? పుణె అని చెప్పి ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో పాపం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. మీకు బయట పల్లకీ కూడా లేకుండా పోయిందే తల్లీ. సురేంద్ర చెల్లెలు హైటెక్ సిటీలో చెప్పులరిగేటట్టు నడుస్తోందంటే మైదుకూరు రోడ్డులో మేము తలెత్తుకుని తిరిగేదెట్ల?

మీ అన్నకు చెప్పలేదు. ఒట్టు. మీ అత్తకు మాత్రం కడపకు ఫోన్ చేసి, కొడుకును గట్టిగా ఏమీ అనొద్దు, మొగోళ్ళకు ఉద్యోగం పోతే మనసు విరిగిపోతుందని నచ్చజెప్పినాను. ఆమె ఒకటే ఏడుపు.

చింతకాయ తొక్కు పంపుతున్నాను. తొక్కు కింద ప్లాస్టిక్ కవరులో కొంచెం డబ్బు పెట్టినాను. అది నా చీటీ డబ్బు, మీ అన్నది కాదు. మొహమాటపడకుండా ఆటో ఎక్కు.

మలీద ముద్దలు బాగున్నాయి. నెయ్యి ఇంకా పడాల్సింది.

మీ వదిన,
లక్ష్మీదేవి

* * *

మణికొండ,
30 నవంబర్ 2025

వదినా! నమస్కారం తర్వాత. ముందు కోపం.

దినేష్ ఉద్యోగం రాయిలా ఉంది. పోయిన నెలే జీతం పెంచారు. నువ్వు చేసిన నిర్వాకానికి వాళ్ళమ్మ ఆయనకు ఫోన్ చేసి "నాయనా, అప్పులేమైనా ఉన్నాయా, నాకైనా చెప్పు" అని ఏడ్చింది. అప్పుడాయన ఆఫీసులో పదిమంది మధ్య ఉన్నాడు. తర్వాత నాకు చేసి, "మీ ఉద్యోగాలూ వద్దు, మీ ఊళ్ళూ వద్దు, నువ్వు మానేసి పాపను తీసుకుని కడపకు రా" అంది. అసలే నేను ఉద్యోగం ఎలా నిలుపుకోవాలా అని చస్తుంటే, మానేయమనే మనిషికి నువ్వే దారి చూపించావు.

నీ చీటీ డబ్బు ఉస్మానియా బిస్కెట్ల కింద ఉంది. తొక్కు వాసన కొడుతోంది, ఎండలో పెట్టుకో.

సరే, కోపం అయిపోయింది. ఇక మంచి మాట. అర్జీ పెట్టాం! నేను, స్వాతి మా అపార్ట్‌మెంట్ల గ్రూపుల్లో అడిగితే "గుడ్ ఐడియా" అని బొటనవేళ్ళు చూపించిన వాళ్ళే గానీ సంతకానికి వచ్చిన వాళ్ళు తక్కువ. బాలమ్మకు చెప్పాను. రెండో రోజుకల్లా కోకాపేట, పుప్పాలగూడల నుంచి ఇళ్ళలో పనిచేసే వాళ్ళను, సెక్యూరిటీ వాళ్ళను, ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ వాళ్ళను పోగుచేసింది. వాళ్ళను చూసి మావాళ్ళు కదిలారు. అందరం కలిసి డిపోకు వెళ్ళాం.

డిపో ఆఫీసరు మంచివాడే, కానీ మాటకు ముందు నిట్టూరుస్తాడు. "బస్సు వేయమని అందరూ వస్తారమ్మా. వేశాక ఎవరూ ఎక్కరు" అన్నాడు. బాలమ్మ వెంటనే అందుకుంది. "ఎక్కనోళ్ళెవరో మాకు తెల్వదు సారూ. మేమైతే ఎక్కుతం. మీరు బండి పంపున్రి, ఎక్కకుంటే నన్నడుగున్రి."

ఆయన నవ్వి, డిసెంబర్ నడుమ నుంచి జనవరి నెలాఖరు దాకా పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు వేసి చూస్తామన్నాడు. కోకాపేట, పుప్పాలగూడ, మణికొండ, హైటెక్ సిటీ. జనం ఉంటే ఉంచుతారు, లేకపోతే తీసేస్తారు. బాలమ్మ కూడా ఆ నెలాఖరు దాకా మానను పొమ్మంది. నా ఉద్యోగం ఇప్పుడు ఆ బస్సు చక్రాల మీద ఉంది వదినా.

కోపం తగ్గిన మరదలు,
హరిత

* * *

ప్రొద్దుటూరు,
6 డిసెంబర్ 2025

హరితకు వదిన చెంపలేసుకుని రాసేది.

తప్పైపోయింది. మీ అత్తకు మళ్ళీ ఫోన్ చేసి, జీతం పెరిగిందంట అని చెప్పినాను. "మరి పెరిగితే బస్సెక్కడమేమి?" అని ఆమె అడిగింది. జవాబు నువ్వే రాయి.

ఇంకో తప్పు కూడా జరిగింది. నీ ఉత్తరం బిస్కెట్ల డబ్బాలో ఉన్నట్టే మీ అన్న చేతికి చిక్కింది. చదివి "నా చెల్లెలు డిపో ముందర నిలబడి బస్సు అడుక్కుందా? మన దగ్గర ఇన్ని బండ్లు పెట్టుకుని?" అని లేచినాడు. నువ్వు వెంటనే ఫోన్ చేసి అడ్డం పడతావని నాకు తెలుసు, అందుకే బండి బయల్దేరినాక రాస్తున్నాను. తెల్ల కారు, మదనపల్లె డాక్టరు వాడినది, గీత కూడా పడలేదు. మన డ్రైవర్ బాలు తెస్తున్నాడు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి వాడు మీ గేటు దగ్గర హారన్ కొడుతుంటాడు.

కోపం తెచ్చుకోకు. ఆయనకు ప్రేమ చూపించడం వేరే విధంగా రాదు. నాకు జ్వరమొచ్చినా కారే తెచ్చి గుమ్మం ముందర పెడతాడు.

ఒక మాట మాత్రం అడుగుతాను. కారుంటే బాలమ్మను కూడా నువ్వే పోయి తెచ్చుకోవచ్చు కదా? బస్సుతో పనేముంది?

బాలుకు అన్నం పెట్టి పంపు. వాడికి పప్పులో నిమ్మకాయ పిండితే ఇంకేమీ అక్కరలేదు.

లక్ష్మీదేవి

* * *

మణికొండ,
11 జనవరి 2026

వదినకు,

ఆలస్యంగా రాస్తున్నాను. అన్న కారు వచ్చింది. మా ఫ్లాటుకు ఉన్నది ఒక్క బైకు పట్టే జాగా. బాలు కారును అపార్ట్‌మెంట్ సెక్రటరీ వెంకటనారాయణ గారి చోటులో పెట్టి వెళ్ళాడు. ఆయన రోజూ కింద నుంచి నా పేరు పెట్టి అరుస్తాడు. రెండు రోజులు ఆఫీసుకు తీసుకెళ్ళాను. బయోడైవర్సిటీ దగ్గర నా పక్కనే నడుస్తున్న పెద్దాయన నాకంటే ముందు సిగ్నల్ దాటి, అవతల టీ తాగి, కప్పు పారేసి వెళ్ళిపోయాడు. ఆఫీసులో పార్కింగ్ లేదు, బయట పెడితే మళ్ళీ ఫీజు. పాపను ఒంటరిగా వదిలి కోకాపేట వెళ్ళి బాలమ్మను తేవడం ఎలాగో నువ్వే చెప్పు.

బస్సు మొదలైంది వదినా. ఎంత బాగుందో! బాలమ్మ అందులో వచ్చి మా సందు ముందు దిగుతుంది. ఆమె చేతిలో పాపను పెట్టి, వెనక్కి పరుగెత్తి, అదే బస్సు నేనెక్కుతాను. ఆమె నాకోసం పక్కావిడకు చెప్పి కమ్మీ పక్కన కాస్త చోటు ఆపి ఉంచుతుంది. లేకపోతే నిలబడడానికి కూడా చోటుండదు. మూడొంతులు ఆడవాళ్ళే.

మొదట్లో ఒక ఇబ్బంది వచ్చింది. కండక్టర్ శేఖర్ అందరికీ టికెట్లు కొట్టేదాకా బండి కదలనివ్వడు. పుప్పాలగూడ దాటాక పక్కకు తీసి ఆపేస్తాడు, ఇక్కడ మాకు ఆఫీసు లాగిన్ టైము దాటిపోతుంటుంది. నేనే ఒక ఉపాయం చెప్పాను. ఆడవాళ్ళకు ఎలాగూ ఉచితమే, ఇచ్చేది జీరో టికెట్. దానికి ఆయన సమయం, కాగితం దండగ. అడిగితే "అయింది" అనేద్దాం, ఆయన మగవాళ్ళకు కొట్టుకుంటాడు, బండి ఆగదు. అందరూ మెచ్చుకున్నారు. అప్పటి నుంచి బస్సు ఒక్క రోజు ఆలస్యం కాలేదు.

అంత బాగా నడుస్తున్న బస్సును తీసేస్తున్నారు. నిన్న డిపోలో చెప్పారు. జనం ఎక్కడం లేదట! సగం సీట్లు కూడా నిండడం లేదట. నేను రోజూ ఒంటికాలి మీద నిలబడి వెళ్తున్న బస్సు ఖాళీగా నడుస్తోందని ఆ ఆఫీసరు నా మొహం మీదే చెప్పాడు. ఇది షేర్ ఆటో వాళ్ళ పనే అని మాకందరికీ అనుమానం. వాళ్ళ బేరం పోయింది కదా, ఎవరి చెవిలో ఏం ఊదారో. పుప్పాలగూడ ఆటో స్టాండులో రాజయ్య అనే అతన్ని పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. అతను నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాడు.

నెలాఖరుకు బస్సు ఆగిపోతుంది. బాలమ్మకు చెప్పాను. పాప జుట్టుకు నూనె రాస్తూ "మంచిగనే ఉండె బస్సు" అంది, అంతే. నేను రాజీనామా మెయిల్ రాసి పెట్టుకున్నాను. పంపలేదు. రోజుకోసారి తెరిచి చూస్తున్నాను.

ఈసారి డబ్బాలో ఏమీ పెట్టలేదు. క్షమించు.

హరిత

* * *

ప్రొద్దుటూరు,
17 జనవరి 2026

నా తల్లి హరితకు,

డబ్బా మూత తీసి చూస్తే లోపల ఏమీ లేదు. మీ అమ్మ పోయిన నెలలో కూడా నువ్వు ఖాళీ డబ్బా పంపలేదు. చిటికెడు చక్కెరైనా వేసినావు. నీ ఉత్తరం చదవకముందే నాకు ఏడుపొచ్చింది.

నువ్వు ఉద్యోగం మానేయడానికి నేను ఒప్పుకోను. చెప్పేస్తున్నా. మన రెండు కుటుంబాల్లో నెల పుట్టగానే తన పేరున జీతం పడిన మొదటి ఆడపిల్లవు నువ్వు. నీ మొదటి జీతంతో నాకు కొన్న ముక్కుపుడక ఈ రోజుకూ తీయలేదు. మీ అత్తకు నేను చెప్పుకుంటాను. అవసరమైతే నేనే వచ్చి పాపను పట్టుకుని కూర్చుంటాను, అంగడి మీ అన్న చూసుకుంటాడు. ఆ మెయిల్‌ను తెరిచి చూసేది మానుకో. పుండును గిల్లుకుంటే మానుతుందా?

కారు మాట నువ్వు చెప్పిందే నిజం. టీ తాగిన పెద్దాయన సంగతి చదివి మీ అన్న కూడా నవ్వినాడు, మళ్ళీ ముఖం గంటు పెట్టుకున్నాడు.

మనసు బాగలేనప్పుడు వేరే సంగతి వినాలి. ఇది విను. శ్రావణంలో మునిస్వామి మామ కూతురు పెళ్లైంది కదా, ఆ తగువు ఈ వారం మన అంగట్లో పంచాయితీకి వచ్చింది. పెళ్లినాడు మనవాళ్ళు ఆడోళ్ళంతా, నేను కూడా, మామకు ఖర్చు ఎందుకు పెంచాలని విస్తరి వేసుకోలేదు. వంటవాడికి విస్తరి లెక్కన డబ్బు కదా. వంటింటి వెనక స్టీలు ప్లేట్లలో పెట్టుకుని తిన్నాం. పెద్ద ఉపకారం చేసినామనుకున్నాం. ఎత్తిన విస్తర్లు లెక్కపెట్టి, ఇంతమందే వచ్చినారని వంటవాడు మరుసటి రోజు విందుకు అంతే వండినాడు. వియ్యాలవాళ్ళు పంక్తిలో కూర్చునేసరికి అన్నం అయిపోయింది! మామకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు వంటవాడు అంటాడు, "నాదేం తప్పు? విస్తరి వేసుకోనోళ్ళు నా లెక్కలో పెళ్లికి రానట్టే." మామ నన్ను చూస్తాడు, నేను గోడను చూస్తాను. చివరికి మీ అన్న ఇద్దరికీ సోడా తాగించి పంపినాడు.

నవ్వినావా? కొంచెమైనా నవ్వు. కారం బొరుగులు పంపుతున్నాను, ఆ బస్సు ఉన్నన్ని రోజులు అందులోనే కూర్చుని తిను.

నీ వదిన

* * *

మణికొండ,
8 ఫిబ్రవరి 2026

వదినా, వదినా, వదినా!

మునిస్వామి మామకు నా తరఫున ఒక పట్టు పంచె కొనిపెట్టు. వంటవాడికి కూడా.

నీ ఉత్తరాన్ని బస్సులోనే చదివాను. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో కాగితం. "విస్తరి వేసుకోనోళ్ళు పెళ్లికి రానట్టే" అన్నచోట ఉన్నాను. శేఖర్ జనాన్ని తోసుకుంటూ వచ్చి "టికెట్, టికెట్" అన్నాడు. నా నోరు అలవాటుగా "అయింది" అంది. అన్న మరుక్షణం నాకు వెలిగింది వదినా. ఈ బస్సులో విస్తరి వేసుకోని దాన్ని నేనే! అందరినీ వేసుకోవద్దన్నది కూడా నేనే!

అక్కడే గట్టిగా అరిచి అడిగాను, జీరో టికెట్ కొట్టకపోతే మేం లెక్కలోకి వస్తామా రామా అని. శేఖర్ నెత్తి కొట్టుకున్నాడు. "ఎట్లొస్తరు మేడం? నా మిషన్ల మగోళ్ళే పడుతున్రు. డిపోల చూసేది మిషన్నే గని మీ మొకాలు గాదు గదా. నేను రోజూ ఒర్రుతనే ఉన్న. మీరేమో ఎన్కటి స్టాపులనే అయిందంటిరి." వెనక సీటు నుంచి ఎవరో "అంటే ఇన్నిరోజులు మనం ఈ బస్సుల లేనట్టేనా?" అన్నారు. బస్సంతా ఒక్కసారి గొల్లుమంది. నేను కూడా నవ్వాను, కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

వెంటనే డిపోకు ఫోన్ చేసి, నెలాఖరు దాకా మళ్ళీ చూడండి, తప్పు మాదే అని ఆఫీసరును బతిమాలాను. ఆయన నిట్టూర్చి సరే అన్నాడు. కానీ అందరికీ టికెట్ కొడుతూ కూర్చుంటే బస్సు మళ్ళీ ఆగుతుంది కదా. దానికి శేఖర్, స్వాతి కలిసి దారి కనిపెట్టారు. శేఖర్ స్టాపులో కిందికి దిగుతాడు. మేం ముందే వరుసలో నిలబడి, ఆధార్ చేతిలో పట్టుకుని, కిందే టికెట్ కొట్టించుకుని ఎక్కుతాం. కోకాపేటలో ఆ వరుసను బాలమ్మ నిలబెడుతుంది. మధ్యలో దూరినవాడిని, వాడు మేనేజరైనా సరే, "ఏందయ్యా గిట్ల జొరబడుతవ్? ఎన్కకు పో" అని పంపిస్తుంది.

నెలాఖరులో ఆఫీసరు చెప్పకుండా వచ్చి పుప్పాలగూడలో ఎక్కాడు. ఆయనకు సీటు దొరకలేదు! హైటెక్ సిటీ దాకా నిలబడే వచ్చాడు. ఒకరు లేచి చోటిస్తామంటే వద్దన్నాడు. దిగేటప్పుడు చొక్కా సర్దుకుంటూ "ఇది ఒక ట్రిప్పుతో అయ్యే పని కాదు" అన్నాడు. ఆ వారమే కాగితం వచ్చింది. మన బస్సు ఇక ఉంటుంది. పొద్దున రెండు, సాయంత్రం రెండు. గెలిచాం వదినా!

రాజయ్యకు క్షమాపణ చెప్పడానికి ఆటో స్టాండుకు వెళ్ళాను. అతను జంకుతూ "మీ బస్సు మీద నాకేం పగ మేడం? నా పెండ్లామే మీ బస్సుల వోతది. నా ఆటోల తీస్కపోతే డీజిల్ దండగంటది" అన్నాడు. నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. బాలమ్మకు ఆ సంగతి చెప్తే పడీపడీ నవ్వింది. "ఇగ మానవు కదా?" అని అడిగాను. "బస్సు నాది, పాప నాది. నేనెందుకు మానుత?" అంది. ఆ మెయిల్ తీసిపారేశాను.

మా అత్త అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబుంది. జీతం పెరిగినా బస్సెక్కేది ఎందుకంటే, ఆ బస్సు మేం తెచ్చుకున్నది కాబట్టి. నువ్వు వచ్చి చూడాల్సిందే. అన్న కారులో కాదు. మన బస్సులో.

డబ్బాలో బాలమ్మ చేసిన గరిజెలు, అదే మన కజ్జికాయలు, మూత పట్టనన్ని ఉన్నాయి.

లెక్కలోకి ఎక్కిన మరదలు,
హరిత

* * *

ప్రొద్దుటూరు,
8 మార్చి 2026

విజయలక్ష్మి లాంటి మా హరితకు, క్షేమంగా ఇల్లు చేరిన వదిన రాసేది.

నీ దగ్గర ఉన్న వారం రోజులూ నాకు పండగే. పాప ఇక్కడ కూడా కళ్ళలో తిరుగుతోంది. బాలు వెనక్కి తెచ్చిన తెల్ల కారు వచ్చిన వారమే అమ్ముడుపోయింది. సెక్రటరీ గారికి చెప్పు, ఇక గొంతు చించుకోవద్దని.

మీ అన్నకు బస్సు సంగతి ఎన్నిసార్లు చెప్పినానో. ఆ వరుస చూడాలని పొద్దున్నే ఆటోలో కోకాపేటకు పోయి, బాలమ్మ పక్కన నిలబడి, ఆధార్ చేతిలో పట్టుకుని, నా వంతు వచ్చేదాకా దాన్నే తిప్పి తిప్పి చూసుకున్నాను. శేఖర్ నా కార్డు చూసి "అమ్మా, మీది ప్రొద్దుటూరు గదా. ఉచితం మా తెలంగాణ ఆడోళ్ళకే. మీరు పైసలియ్యాలె" అన్నాడు. మణికొండలో నువ్వెక్కి ఆ సంగతి విని ముఖం ఎర్రగా చేసుకున్నావు గానీ, నాకు మాత్రం అంత సంతోషం ఎప్పుడూ కాలేదు. బాలమ్మ బస్సంతా వినబడేటట్టు "ఈ బస్సుల పైసలిచ్చి టికెట్ గొన్న ఆడామె ఈమెనే! జర సీటియ్యున్రి!" అని అరిచింది. ముగ్గురు లేచినారు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను.

అన్నిటికంటే, నువ్వు మెడలో ఆఫీసు కార్డు వేసుకుని నా పక్కన నిలబడి, దిగేముందు అందరికీ చెయ్యి ఊపి, ఆ అద్దాల మేడలోకి వడివడిగా నడిచి పోయినావు చూడు, అప్పుడు నేను బస్సులోనే ఏడ్చినాను. నీకు చెప్పలేదు. మీ అమ్మ చూడాల్సింది.

ఆ టికెట్‌ను పటం కట్టించి అంగట్లో వెంకటేశ్వరస్వామి పక్కన తగిలించినాను. "కార్లమ్మే చోట బస్సు టికెట్టేమే, బేరం పోదా?" అని మీ అన్న గొణిగినాడు. వచ్చిన ప్రతి బేరగాడూ అదేమని అడుగుతాడు. ఇప్పుడు నాకంటే ముందు మీ అన్నే లేచి "మా చెల్లెలు హైదరాబాదులో వేయించిన బస్సు" అని మొదలుపెడతాడు. కారు సంగతి మర్చిపోతాడు.

ఇంకోటి. నేనిక్కడ దిగేసరికి ఆ టికెట్ డబ్బులు నా ఫోన్‌లో వేసినావు. తిప్పి పంపినాను, చూసుకో. మునిస్వామి మామ పెళ్లిలో చేసిన పని మళ్ళీ చేయమంటావా? ఈసారి నా విస్తరి నేనే వేసుకుని తిన్నాను. డిపోలో మీ ఆఫీసరు ఆ నెల ఎక్కినోళ్ళను లెక్కపెడితే అందులో ప్రొద్దుటూరు లక్ష్మీదేవి కూడా ఉంటుంది.

డబ్బా తొందరగా పంపు,
మీ వదిన